మొదటి ఆదివారం డిస్కు

ఆదివారం పొద్దున టీ కప్పులతో పాటు కంప్యూటర్ల దుకాణం వాళ్ళ రంగుల కాగితం కూడా భోజనాల బల్ల మీదికి వచ్చింది. తెచ్చిపెట్టింది కూతురు. రెండు లాప్‌టాప్ బొమ్మల చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టి, ఒకదాని పక్కన టిక్కు కూడా తనే పెట్టేసింది. ముందే టిక్కు పెట్టుకొచ్చి అడిగితే దాన్ని అడగడం అనరు. కానీ పద్దెనిమిదేళ్ళ వయసులో ఎవరైనా అలాగే అడుగుతారు.

తండ్రి కళ్ళజోడు సర్దుకుని కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో పాతికేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషి. చేతికి ఏ కాగితం వచ్చినా ముందు తప్పులు వెతుకుతాడు, తర్వాతే అర్థం చూస్తాడు. "రెండు చోట్ల ఒత్తులు పోయాయి" అని గొణిగి, టిక్కు లేని బొమ్మ మీద వేలు పెట్టాడు.

"ఇది తీసుకుందాం. దీనికి డీవీడీ రైటరు ఉంది."

"నాన్నా, అది ఇటుకంత బరువుంది! పాత మోడల్ కాబట్టే వదిలించుకుంటున్నారు. నా డ్రాయింగులు తెరవడానికే పావుగంట పడుతుంది దానికి. పైగా రోజూ రెండు బస్సులు మారాలి. మోసేది నేను, నువ్వు కాదు."

ఇళ్ళ ప్లాన్లు గీసే కోర్సులో చేరిందా పిల్ల. ఇంటి మొత్తానికి కొనగలిగింది ఒక్క లాప్‌టాప్, అది కనీసం అయిదేళ్ళు నడవాలి. ఇందులో దాపరికం ఏమీ లేదు.

"అయినా డిస్కులు ఇప్పుడెవరు వాడుతున్నారు నాన్నా? దుకాణం అతను నవ్వాడు తెలుసా. మ్యూజియంలో పెట్టడానికా అన్నాడు."

"నవ్వనీ."

"పోనీ, వైరుతో తగిలించుకునే రైటరు విడిగా దొరుకుతుంది. చిన్నది. నీకు కావలసినప్పుడు తగిలించుకో."

"ఆ వైరు డబ్బాలు ఆర్నెల్లకే మూలపడతాయి. లోపలే ఉండాలి" అన్నాడాయన. కుందేటికి మూడే కాళ్ళు అంటే మూడే. పొయ్యి దగ్గరున్న భార్య వెనక్కి తిరిగి చూసి, ముందు గది వైపు కళ్ళతో సైగ చేసింది. ముందు గదిలో ఆయన తల్లి రేడియో వింటూ ఉంది. ముగ్గురూ గొంతులు తగ్గించారు. ఆ ఇంట్లో గొంతులు తగ్గించడం అందరికీ బాగా అలవాటైపోయింది.

దానికి కారణం ఆయన చెల్లెలు. ఇంట్లో అందరికీ 'చిన్నది'. కొండల అవతల ఒక గని ఆసుపత్రిలో నర్సు. అక్కడ ఫోను పలికితే పండగే. అందుకని నెలకోసారి కెమెరా ముందు కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పి, అందులో మంచి పది నిమిషాలు ఏరి డిస్కు చేసి తల్లికి పోస్టులో పంపేది. ఖాళీ చేతులతో కూర్చోవడం చేతకాని మనిషి, మాట్లాడుతూనే ఒళ్ళో ఏదో అల్లుకుంటూ ఉండేది. అల్లిక నేర్పింది తల్లే. బళ్ళో ముప్పై ఏళ్ళు కుట్లూ అల్లికలూ చెప్పిన టీచరమ్మ ఆవిడ.

రెండేళ్ళ క్రితం తల్లికి గుండె ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజున, కొండ దారిలో జీపు బోల్తాపడి చిన్నది పోయింది. "కొన్ని వారాలు గట్టి దెబ్బలాంటి మాట ఏదీ చెవిన పడనివ్వకండి" అన్నాడు డాక్టరు. ఆయన ప్రెస్సు పని మీద వెళ్తున్నానని చెప్పి నాలుగు రోజులు వెళ్ళి, చెల్లెల్ని మట్టికి అప్పగించి, ఒక అట్టపెట్టెతో తిరిగొచ్చాడు. పెట్టె అటక మీదికి వెళ్ళింది. అందులో చెల్లెలు పంపకుండా మిగిల్చిన ముక్కలున్న హార్డ్‌డిస్కు మాత్రం ఆయన బీరువాలోకి వెళ్ళింది.

వారాలు నెలలయ్యాయి. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, ఆయన నిజంగానే అతికాడు. ప్రతి నెలా ఆ ముక్కల్లోంచి పది నిమిషాలు కత్తిరించేవాడు. గోడ మీది క్యాలెండరు కనిపిస్తే తీసేసేవాడు. ఎండాకాలంలో కిటికీ బయట వాన కనిపిస్తే తీసేసేవాడు. చివర్లో ప్రతిసారీ చెల్లెలు ఎప్పుడూ చెప్పే మాటే అతికించేవాడు: "వచ్చే నెల మళ్ళీ మాట్లాడతానమ్మా, ఉంటా." అచ్చం ఆమె దస్తూరీతో కవరు మీద చిరునామా రాసి, మొదటి ఆదివారం పొద్దున గుమ్మంలోంచి తెచ్చినట్టు తెచ్చి ఇచ్చేవాడు. తల్లి డిస్కు పెట్టుకునేది. ఆయన పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. చెల్లెలు ఉంటా అనగానే, "అలాగే తల్లీ, జాగ్రత్త" అని తల్లి టీవీకి జవాబు చెప్పడం పెరట్లోకి కూడా వినిపించేది.

ఇంటికొచ్చే చుట్టాలకి గేటు దగ్గరే హెచ్చరిక. ఆ విధంగా ఇరవై నాలుగు డిస్కులు నడిచాయి. ఇరవై అయిదోది గురువారం నాడు తయారవగానే, పాత లాప్‌టాప్ దాన్ని కడుపులో పెట్టుకుని కన్నుమూసింది.

"నాన్నా" అంది కూతురు, ఈసారి మెల్లగా. "ఒకటి అడుగుతా, కోప్పడకు. ఇంకా ఎంత మిగిలింది ఆ హార్డ్‌డిస్కులో?"

ఆయన కాగితాన్ని వెనక్కి తిప్పి చదవసాగాడు.

"ఏమీ మిగల్లేదు, నాకు తెలుసు. మొత్తం రెండుసార్లు తిప్పేశావు. ఇప్పుడు మూడోసారి."

"నాయనమ్మ గుర్తుపట్టట్లేదుగా. నీకెందుకు?"

"అయిదేళ్ళు వాడేది కొంటున్నాం. అందులో రైటరు కావాలంటున్నావంటే, ఇంకో అయిదేళ్ళు ఇలాగే చేద్దామనేగా?"

"అవసరమైతే చేస్తాను. మా అమ్మ బతకాలి నాకు."

"ఏమండీ, పిల్ల అడిగేదాంట్లో తప్పేముంది?" అంది భార్య చేతులు తుడుచుకుంటూ. "కొన్ని వారాలన్న డాక్టరు రిటైరై కూడా ఏడాదైంది. నేను రోజూ ఆవిడకి అన్నం పెట్టాలి, మొహంలోకి చూడాలి. మీకేం, డిస్కు ఇచ్చి పెరట్లోకి పోతారు!"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆయన బల్ల మీద అరచేత్తో గట్టిగా చరిచాడు. కప్పు దొర్లి టీ అంతా దుకాణం కాగితం మీద పారింది. "మీ ఇద్దరికీ బరువైపోయిందా మా చెల్లెలు? దాన్ని ఈ ఇంట్లో లేకుండా చెయ్యాలా మీకు?"

"అత్త లేనే లేదు నాన్నా!" అని అరిచేసింది కూతురు. "అత్త చచ్చిపోయి రెండేళ్ళైంది!"

అన్న తర్వాత రెండు చేతులతో నోరు మూసుకుంది. కానీ మాట నోరు దాటిపోయింది. ముందు గదిలో రేడియో ఆగింది. చెప్పుల చప్పుడు నెమ్మదిగా దగ్గరికి వచ్చింది. ఆయన చెయ్యి తల్లి మాత్రలుండే అలమర వైపు దానంతటదే వెళ్ళింది.

తల్లి గోడ పట్టుకుని వచ్చి నిలబడింది. చంకలో బిస్కట్ల డబ్బా ఉంది. డిస్కులన్నీ వరసగా దాచుకునే డబ్బా అది.

"అమ్మా, ఏం లేదు... లాప్‌టాప్ గురించి మాట్లాడుకుంటున్నాం. ఇది ఏదో నోటికొచ్చినట్టు..."

"కూర్చోరా" అంది తల్లి. బళ్ళో పిల్లలకి చెప్పినట్టే చెప్పింది. ఆయన కూర్చున్నాడు.

ఆవిడా ఎదురుగా కూర్చుని, డబ్బా మూత తీసి రెండు డిస్కులు బల్ల మీద పెట్టింది. "ఇందులో చిన్నది నా కోసం ఆవపిండి రంగు స్వెటరు అల్లుతోంది. మెడ దాకా వచ్చేసింది. ఆ మర్నెల వచ్చిన దీంట్లో చూస్తే జానెడే ఉంది. తప్పు పడి విప్పేసిందేమో అనుకున్నా. తప్పొస్తే మొహమాటపడకుండా విప్పెయ్యమని నేర్పింది నేనేగా."

రెండు డిస్కుల్నీ పక్కపక్కకి జరిపింది.

"తర్వాత టీవీ దగ్గరికెళ్ళి చూశాను. అంచు నుంచి పదమూడో వరసలో ఒక పోగు జారిపోయి చిన్న చిల్లు పడింది. మెడ దాకా వచ్చిన స్వెటరుకీ అక్కడే చిల్లు. జానెడు స్వెటరుకీ అక్కడే చిల్లు. విప్పి అల్లినవాళ్ళు అదే తప్పు అదే చోట మళ్ళీ చెయ్యర్రా. అల్లిక ముందుకే పోతుంది. వెనక్కి నడిచిందంటే, అల్లే చెయ్యి లేదన్నమాట."

పాతికేళ్ళు ఇతరుల తప్పులు పట్టిన మనిషికి తన తప్పు చెల్లెలి ఒళ్ళోనే కనబడలేదు. క్యాలెండరు చూశాడు, కిటికీ చూశాడు, వాన చూశాడు. ఉన్నిలో వరసలుంటాయనీ, వాటిని లెక్కపెట్టే కళ్ళు ఇంట్లోనే ఉన్నాయనీ ఆయనకి తట్టలేదు.

"ఎప్పటి నుంచి తెలుసమ్మా?" అన్నాడు.

"ఏడాది పైమాటే. అప్పటికే అనుమానం. ఈ ఇంటికొచ్చిన చుట్టాల్లో ఒక్కళ్ళయినా చిన్నది ఎలా ఉందని అడిగారా? బతికున్న పిల్లని మనుషులు అలా మర్చిపోరు."

"మరి ఎందుకు చెప్పలేదత్తయ్యా?" అంది కోడలు ఏడుస్తూ.

"ఎలా చెప్పనమ్మా? నెలంతా వీడు ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని చెల్లెల్ని చూసుకునేవాడు. అది కూడా లాగేసుకుంటే వీడేమైపోతాడో అని భయం." కొడుకు వైపు తిరిగింది. "నువ్వు నా గుండె కాపాడుతున్నావు, నేను నీ గుండె కాపాడుతున్నాను. మధ్యలో దాని కోసం ఏడ్చేవాళ్ళే లేకుండా పోయారు. కన్నకూతురు పోతే ఏడవనివ్వలేదురా నన్ను. ఏడాది నుంచీ స్నానాల గదిలో కుళాయి విప్పుకుని ఏడుస్తున్నాను."

ఆయన తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఎన్ని అబద్ధాలు సిద్ధంగా ఉండేవో ఆయన దగ్గర! ఒక్కటీ పైకి రాలేదు.

"ఏ రోజు?" అని అడిగింది తల్లి.

"నీ ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు. మంగళవారం."

"పక్కన ఎవరున్నారు?"

"డ్రైవరు. అతనూ పోయాడు."

"వెంటనే పోయిందా?"

ఇక్కడ అవునంటే సరిపోయేది. ఆయన కూతురి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. "తెలీదమ్మా. సాయంత్రం పడిపోయింది జీపు. తెల్లారేదాకా ఎవరూ వెళ్ళలేదక్కడికి."

ఆవిడ పెదవులు బిగించి తల ఊపింది. ఆ జవాబు తేలికైంది కాదు. అయినా రెండేళ్ళలో కొడుకు తన చేతికిచ్చిన మొదటి నిజం అది. "స్వెటరు ఏదీ?" అంది.

ఆయన స్టూలెక్కి అటక మీంచి అట్టపెట్టె దింపాడు. మడత పెట్టిన నర్సు దుస్తుల కింద స్వెటరు ఉంది, సూదులు దానికే గుచ్చి ఉన్నాయి. మెడ దగ్గర నాలుగు వరసలే తక్కువ. తల్లి దాన్ని ఒళ్ళో పరుచుకుని, అంచు నుంచి వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ పైకి వచ్చింది. పదమూడో వరసలో వేలు ఆగింది. అప్పుడు ఏడిచింది ఆవిడ. ఇల్లు దద్దరిల్లేలా, పక్కింటి కిటికీ తెరుచుకునేలా ఏడిచింది. ఆయన కంగారుగా మాత్రల కోసం లేవబోతే భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడవనివ్వండి. మీరూ ఏడవండి."

ఆయన ఏడ్చాడు. చెల్లెల్ని మట్టిలో పెట్టిన రోజున కూడా ఏడవని మనిషి, తల్లి మోకాళ్ళ మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

చాలాసేపటికి తల్లి కొంగుతో మొహం తుడుచుకుని, బల్ల మీద టీలో తడిసిన కాగితాన్ని చూసింది. "పిల్లకి తేలికది కొనరా. దాని భుజాలేమన్నా ఇనపవా?" అని, మళ్ళీ ఆగి, "ఈ నెల డిస్కు ఆ చచ్చిన దాంట్లోనే ఉందా?" అని అడిగింది.

కూతురు కళ్ళు తుడుచుకుని, కాగితాలకి పెట్టే క్లిప్పొకటి తెచ్చి, సాగదీసి, పాత లాప్‌టాప్ పక్కనున్న సన్నటి రంధ్రంలో గుచ్చింది. డిస్కు పళ్ళెం కిర్రుమంటూ బయటికి వచ్చింది.

"పెట్టు. ఇవాళ అందరం కలిసి చూద్దాం" అంది తల్లి, కొడుకు వైపు తిరిగి. "నువ్వు పెరట్లోకి పోవడానికి వీల్లేదురోయ్."

నలుగురూ ముందు గదిలో కూర్చున్నారు. టీవీలో చిన్నది నవ్వుతూ మాట్లాడింది, ఆసుపత్రి వంటవాడి గురక గురించి చెప్పింది, సూదులు ఆడిస్తూనే ఉంది. ఆమె ఒళ్ళో జానెడున్న స్వెటరు, తల్లి ఒళ్ళో మెడ దాకా వచ్చిన స్వెటరు. తల్లి సూదులు తీసుకుని మిగిలిన వరసలు మొదలుపెట్టింది. ఆ చిల్లు బాగుచెయ్యనా నాయనమ్మా అని మనవరాలు అడిగితే, వద్దంది. "అది దాని చేతిదే, ఉండనీ."

పది నిమిషాలూ అయిపోవచ్చాయి. తర్వాత ఏ మాట వస్తుందో ఆయనకి తెలుసు, స్వయంగా అతికించిన మాట. రిమోట్ అందుకోబోయాడు. తల్లి ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"వచ్చే నెల మళ్ళీ మాట్లాడతానమ్మా, ఉంటా" అంది చిన్నది.

ప్రతి నెలా వెంటనే వచ్చే జవాబు ఈసారి కాస్త ఆలస్యంగా వచ్చింది.

"ఇక చాల్లే తల్లీ" అంది ఆవిడ. "అలసిపోయావు. పడుకో."