ఊహూఁ

కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలయ్యేదాకా చలపతికి లోకం మూగపోయింది. ఆ కాలంలో ఎవరికీ సొంత చెవులు పనిచేయవు. ఆకాశం నిండా తిరిగే సరుకుల యంత్రాల రొదకు అవి తాతల నాడే చచ్చుబడ్డాయి. ఎవరి చెవిమణి వాళ్ళ ఇంటి కంప్యూటర్‌కు కట్టుబడి ఉంటుంది. అందులో ధ్వనిని నడిపించే నాదసారథి అనే ప్రోగ్రాం లేకపోతే పక్కన పిడుగు పడినా తెలియదు. పాత సారథిని తీసేసి కొత్తదాన్ని ఎక్కించే ఆ కాసేపూ చలపతి బిక్కుబిక్కుమంటూ మంచం మీది భార్యనే చూస్తూ కూర్చున్నాడు.

పక్షవాతం వకుళను మెడ తిప్పనివ్వలేదు, రెప్ప ఆడించనివ్వలేదు. ఔనంటే ఊఁ, కాదంటే ఊహూఁ. ఆ రెండింటితోనే కాపురం నడుస్తోంది. వాటితోనే ఆవిడ మొగుణ్ణి సాధించడం కూడా మానలేదు.

కొత్త సారథి భేషుగ్గా కుదురుకుంది. గురక, దగ్గు, ఊపిరి చప్పుడు తుడిచేసి మాటను మాత్రమే వినిపిస్తుందని తయారీదారుల హామీ. నొప్పిగా ఉందా అని అడిగాడు చలపతి. ఊఁ, అంది వకుళ. సెలైన్ గొట్టంలోకి మందు ఎక్కించాడు. కాసేపాగి ఇంకా ఉందా అంటే మళ్ళీ ఊఁ. పాపం ఎంత ఓర్చుకుంటోందో అనుకుని ఇంకాస్త ఎక్కించాడు. మూడోసారి సూది తీస్తుండగా మరదలు సుచరిత లోపలికొచ్చింది.

“బావా, అక్క ఊహూఁ అంటంటే మళ్ళీ మందెక్కిస్తావేంటి?”

చలపతి సూది కింద పెట్టేశాడు. ఊహూఁలో ఉన్న హకారం సారథి లెక్కన ఊపిరి చప్పుడు. అది తుడిచేస్తే మిగిలేది ఊఁ. పాతదాన్ని తిరిగి ఎక్కించబోతే కంప్యూటర్ ససేమిరా అంది.

డాక్టరు ఫోన్‌లో చెప్పిన విరుగుడు ఇచ్చారు. అంబులెన్స్ వచ్చేదాకా ఊపిరి అందుతోందా అని ఆమెనే అడుగుతూ ఉండమన్నాడాయన. అందకపోతే వెంటనే రెండో విరుగుడు ఇవ్వాలి. అందుతుండగా ఇస్తే గుండె ఆగిపోతుంది. భయపడకు బావా, మా ఇంట్లో ఇంకా పాత సారథేగా, విని చెబుతానంది సుచరిత.

“వకుళా, ఊపిరి అందుతోందా?”

ఊఁ.

చలపతి మరదలి వైపు తిరిగాడు. ఆమె చెవి పట్టుకుని నిలబడి ఉంది.

“ఇందాక కాసేపు ఏమీ వినబడలేదు బావా. మా ఇంటి కంప్యూటర్లో కూడా కొత్తది దానంతటదే ఎక్కేసినట్టుంది. నాకూ ఊఁ అనే వినబడింది.”

చలపతి భార్య మీదికి వంగాడు.

“అందడం లేదా, వకుళా?”

ఊఁ, అంది వకుళ.