వ్రానోవెత్స్ కోట మీది రాగి గోళం

వ్రానోవెత్స్ కోటకు నలభై ఏళ్లుగా కాపలా ఉన్న మతౌష్ ముసలాయన్ని సోమవారం ఎవరో కాల్చి చంపారు. ప్రాగ్‌లో ఆ కబురు చెబుతూ గూఢచారి శాఖ మేజర్ హ్లోబిల్ కాఫీలో చక్కెర వేసుకోవడం కూడా మరిచిపోయాడు.

"మతౌష్ మనవాడు, రదిమ్. సరిహద్దు అవతలి నుంచి మనకు వార్తలు మోసే పదకొండు మంది పేర్లు ఆయన దగ్గరున్నాయి. చంపినవాళ్లకి దొరకలేదు. కోటలోనే ఎక్కడో దాచాడు."

"వెతుకుతున్నదెవరు?"

"కెస్లర్, అవతలివాళ్ల గూఢచారి. ఫోటోగ్రాఫర్ వేషంలో ఉన్నాడు. పక్కన ఒతీలియా."

ఒతీలియా రదిమ్‌కి కొత్త కాదు. మనకూ వాళ్లకూ వార్తలమ్మే ఆ డబుల్ ఏజెంట్‌తో కలిసి అతను వాస్తువిద్య చదివాడు. పదేళ్ల కిందట ఒక వేసవంతా ఇద్దరూ టేపు చెరో కొస పట్టుకుని ఆ కోటనే కొలిచారు. అబద్ధమెందుకు, పెళ్లి మాట కూడా అనుకున్నారు.

"ఆమె చేతికి పేర్లు దొరికితే?"

"కెస్లర్‌కి అందేలోపు కాల్చు." మేజర్ ఒక సుత్తి ముందుకు తోశాడు. దాని పిడిలో దాచిన తుపాకీ గొట్టం, అందులో ఒకే ఒక తూటా.

శనివారం మధ్యాహ్నానికి ఊరంతా కోట ముంగిట్లో ఉంది. గుండ్రటి బురుజు కప్పు బాగుచేసినప్పుడల్లా కొసనున్న రాగి గోళాన్ని దించుతారు. అందులో పాతకాలపు కప్పు మేస్త్రులు రాసిపెట్టిన ఉత్తరాలుంటాయి. వాటిని అందరికీ చదివి వినిపించి, కొత్తదొకటి చేర్చి, టంకం వేసి పైకెక్కిస్తారు. మళ్లీ తెరిచేది మనవల కాలానికే. దించిన గోళం వారం పాటు మతౌష్ గదిలోనే ఉంది. కెస్లర్ అదీ తడిమి చూశాడు, పాత కాగితాలే అనుకుని వదిలేశాడు.

టంకం వేసే మేస్త్రి వేషంలో రదిమ్ మొహం నిండా మసి. ఒతీలియా ఆకుపచ్చ టోపీ సర్దుకుంటూ దగ్గరికొచ్చింది.

"గోళ్లకి మసి పూయడం మరిచావు మేస్త్రీ. ఆఫీసు గోళ్లు."

"అమ్మగారి టోపీ బాగుంది. ఎవరు కొనిచ్చారో."

"ఇచ్చేవాళ్లు ఇస్తారు. నువ్వు ఇచ్చింది టేపు కొసే కదా." ఆమె నవ్వబోయి ఆగింది.

ఫాదర్ వవ్రినెత్స్ ఉత్తరాలు అందుకున్నాడు. మొదటిదాంట్లో 1612 నాటి మేస్త్రులు బీరులో నీళ్లు కలుపుతున్నారని తిట్టారు. జనం నవ్వారు. తర్వాతది తీశాడు.

"1742. ఈ ఏడు మేము కోట గోడల మీద సున్నప్పూత గీకి నలుపు తెలుపు బొమ్మలు వేశాం. కింద పదకొండు పేర్లున్నాయి. సూప్ చల్లారిపోతోంది, అందరి ఆత్మలకూ శాంతి." పేర్లు చదవకుండానే, కోట చరిత్ర రాస్తున్న ఒతీలియా చేతిలో నకలు రాసుకోమని కాగితం పెట్టాడు.

తేదీ తప్పని రదిమ్‌కి తెలుసు. ఆ బొమ్మలు 1574 నాటివి. 1742లో వాటి మీద వెల్ల వేసి కప్పేశారు. ఆ వెల్ల గీకి తేదీ కనిపెట్టింది ఆ వేసవిలో వాళ్లిద్దరే. మతౌష్ మాత్రం చూడవచ్చిన ప్రతివాడికీ 1742 అనే చెప్పేవాడు. ఒతీలియా ఎన్నిసార్లు దిద్దినా, "నా కోట గురించి నాకే చెబుతావా పిల్లా" అనేవాడు. ఈ ఉత్తరం మతౌష్ రాసినది.

ఆమె పెన్సిల్ ఆగిపోయింది. ఆమెకూ తెలిసింది.

"ఏముంది అందులో? ఇటు పట్టు." కెస్లర్ కెమెరా ఎత్తాడు.

ఆమె కాగితం అతని వైపు తిప్పుతోంది. రదిమ్ సుత్తి పిడి ఆమె గుండెకు గురిపెట్టాడు.

"సున్నం మేస్త్రుల గొప్పలు. ఫిల్మ్ దండగ," అంటూ ఆమె కాగితం మడిచి గోళంలో వేసేసింది. "టంకం వెయ్యి మేస్త్రీ. జనానికి ఆకలేస్తోంది."

రదిమ్ టంకం వేశాడు. కన్నీళ్లకు పొగ సాకు దొరికింది.

పదమూడో రోజున ఒతీలియా శవం వల్తావా నదిలో తేలింది. ఆమె రాసిన కోట చరిత్ర శరదృతువులో అచ్చయింది. చనిపోయే ముందు ఆఖరి ప్రూఫులో ఆమె ఒకే ఒక్క మార్పు చేసింది. 1574 కొట్టేసి 1742 అని రాసింది. కెస్లర్ ఆ పుస్తకం కొని, ఉత్తరంతో తేదీ సరిపోయింది కాబట్టి అది నిజంగా పాతదేనని తృప్తిపడి, సరిహద్దు దాటి వెళ్లిపోయాడు.

ఆ క్రిస్మస్‌కు ఆ పదకొండు మంది ఇళ్లలోనూ పండగ చేప వేగింది. అదే వారం పత్రికలో ఒక ప్రొఫెసర్, ఈ రచయిత్రికి గోడలు చదవడం రాదని రాశాడు. రదిమ్ దానికి జవాబు రాయలేదు. ఆమె మీద వచ్చిన నిందల్లో అబద్ధమైనది అదొక్కటే.