సుల్తాన్‌కు నచ్చని గుంత

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేటి మాట. ఆ రోజుల్లో ప్రొద్దుటూరు మగ్గాల వీధిలో కళ్లు మూసుకుని నడిచినా ఎవరింటి ముందున్నామో తెలిసిపోయేది. ఏ మగ్గం చప్పుడు దానిదే. ఒకరు నిలకడగా నేస్తారు, ఇంకొకరు బీడీ కోసం మధ్యమధ్య ఆగుతారు. పెళ్లి కుదిరిన కుర్రాడి మగ్గం పరుగెత్తుతుందని ఆడవాళ్లు నవ్వుకునేవారు. ఇప్పుడా వీధిలో... సరే, అదంతా ఎందుకులే. షంషుద్దీన్ సంగతి కదా చెప్పుకుంటున్నది.

షంషుద్దీన్ జమ్మలమడుగు నుంచి ఎద్దులబండి మీద సామాన్లు వేసుకొచ్చి ఆ వీధిలో బాడుగకు దిగాడు. భార్య మెహబూబున్నీసా, ఆరేళ్ల కూతురు లాల్‌బీ, కుండలు, చాపలు, కూతురి ఒళ్లో ఒక పిల్లి. దాని పేరు సుల్తాన్. చెవి చిరిగిన బూడిదరంగు గండుపిల్లి. లాల్‌బీ దాన్ని మెడచుట్టూ కండువాలా వేసుకుని తిరిగినా కిక్కురుమనేది కాదు.

ఆ ఇంట్లో మగ్గం ముందునుంచే ఉంది. అది ఇంటి యజమానురాలు వనజమ్మ మామ ఆదినారాయణది. ఆమె ఎదురింట్లోనే ఉంటుంది. తాళంచెవి ఇస్తూ ఒక మాట చెప్పింది.

"మా మామ నేస్తా నేస్తానే పోయినాడప్పా. కాళ్లు గుంతలో, తల పడుగు దారాల మీద. కుడికాలు కుంటి ఆయప్పకు. రెండు తొక్కి, ఆగి, ఒకటి తొక్కేవాడు. ఆ చప్పుడు ఆగితేనే నేను అన్నం వడ్డించేదాన్ని. నా మాటిని ఆ గుంత పూడ్చి, పక్కన ఇంకోటి తవ్వుకో."

గుంతమగ్గం చూడనివాళ్లకు చెప్పాలి. నేసేవాడు నేలమీద కూర్చుని కాళ్లు గుంతలోకి వదులుతాడు. అడుగున రెండు తొక్కుడు చెక్కలుంటాయి. ఒకటి తొక్కితే సగం దారాలు పైకి లేస్తాయి, రెండోది తొక్కితే మిగతా సగం. చేతులు వెలుతురులో ఉంటాయి, కాళ్లు చీకట్లో. తన కాళ్ల దగ్గర ఏముందో నేసేవాడికి కనపడదు.

షంషుద్దీన్ గుంతలోకి దిగి చూశాడు. నున్నటి సున్నపు గోడలు. లోతు తన కాలికి కొలిచి తవ్వినట్టే ఉంది. ఆ గట్టినేలలో కొత్తది తవ్వాలంటే గడ్డపార వంగిపోతుంది. మంచి గుంతను పూడ్చేదేందిలే అనుకున్నాడు.

నెల తిరగకముందే సుల్తాన్‌కు పిచ్చెక్కింది. షంషుద్దీన్ మగ్గం దగ్గర కూర్చుంటే చాలు, ఎక్కడున్నా ఉరికివచ్చి పిక్క పట్టుకునేది. లాగినా వదిలేది కాదు. లాల్‌బీకి గుంత అంచున కూర్చుని కాళ్లు ఊపడమంటే ఇష్టం. చెక్కలకు ఆ కాళ్లు ఇంకా జానెడు అందవు. అయినా ఆ పిల్ల కాళ్లు వదలడం, పిల్లి వచ్చి రక్కడం.

మెహబూబున్నీసా పాలు పోసి బుజ్జగించింది. అది పాలు తాగి మళ్లీ కరిచింది. షంషుద్దీన్ నులకతాడుతో గుంజకు కట్టేస్తే తాడు కొరికేసింది. గోళ్లు కత్తిరించబోతే బొటనవేలు చీల్చింది. పక్కింటి నబీ రసూల్ తడికె మీదనుంచి ఇదంతా చూసి పడీపడీ నవ్వేవాడు.

"ఏం షంషూ భాయ్, పులిని సాకుతాండావా? ఆ గోళ్లు పారెయ్యొద్దు, మా పిల్లోనికి తాయెత్తు చేయిస్తా!"

లాల్‌బీ మడమ గాయం చీముపట్టి జ్వరం వచ్చినరోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"ఈ ఇంట్లో అదన్నా ఉండాల, నా బిడ్డన్నా ఉండాల" అంది మెహబూబున్నీసా. "తేల్చుకో."

పిల్లిని చంపే మాట వాళ్లింట్లో నోటికి రాదు. పులివెందులలో అక్క అఖ్తర్ బీ ఉంది. ఆమె ఇంటి పక్కనే శెనక్కాయల గోడౌను, ఎలుకలకు కొదవలేదు. షంషుద్దీన్ సుల్తాన్‌ను గోనెసంచిలో కట్టి, ఎర్రగుంట్లలో బస్సు మారాడు. సంచిలో మూలుగు విని కండక్టరు, "సంచిక్కూడా టికెట్టు కొట్టాల్నా మామా?" అన్నాడు.

పులివెందులలో సంచి విప్పేటప్పుడు షంషుద్దీన్ చేతిలో కట్టె పట్టుకున్నాడు. అక్కర లేకపోయింది. సుల్తాన్ బయటికొచ్చి, ఒళ్లు విరుచుకుంది. కాళ్లు చాపుకుని చింతపండు గింజలు తీస్తున్న అఖ్తర్ బీ పిక్కలమీదే పడుకుంది. గురగురమంటూ కళ్లు మూసింది.

"ఇదేనా రా నిన్ను పీక్కతినేది?" అఖ్తర్ బీ నవ్వింది. తమ్ముడి కాళ్లమీది గాట్లు చూశాక నవ్వు ఆపేసింది.

"పిల్లిలో ఏం లేదు షంషూ. మీ ఇంట్లో చూసుకో."

లాల్‌బీ గాయం మానింది. ఇల్లు నెమ్మదించింది. తర్వాత ముసురు పట్టింది.

ఒక మధ్యాహ్నం చీకట్లు కమ్మి వాన కురుస్తోంది. చెమ్మకు దారాలు సాగక మగ్గాలన్నీ ఆగిపోయి, వీధి మూగబోయింది. ఇంటినిండా పులిసిన గంజి వాసన, దాని కింద ఇంకేదో... మూసి ఉంచిన బావి వాసన లాంటిది. మెహబూబున్నీసా నబీ రసూల్ ఇంటికి వెళ్లింది. షంషుద్దీన్ చాపమీద కునుకు తీస్తున్నాడు.

నవ్వు వినపడింది. కిలకిల నవ్వు.

"చాల్లే తాతా... చాలు..."

లాల్‌బీ గుంత అంచున కూర్చుని ఉంది. కాళ్లు లోపల.

"ఎవురితో మాట్లాడతాండావే?" షంషుద్దీన్ లేచి కూర్చున్నాడు.

"తాతతో, అబ్బాజాన్. కాళ్లకు చక్కిలిగింతలు పెడతాండాడు."

ఒక్క అంగలో వెళ్లి చంకల్లో చేతులేసి లాగాడు. పిల్ల రాలేదు... బక్కపిల్ల, గంపెడు బరువు కూడా ఉండదు. మళ్లీ లాగాడు. ఏదో వదిలేసినట్టయి ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. ఆ చిన్న పాదాలు చల్లగా, తడిగా ఉన్నాయి.

దీపం పట్టుకుని గుంతలోకి వంగాడు. ఏమీ లేదు. రెండు చెక్కలు. ఒకటి అడుగుకంటా అణగి ఉంది.

చూస్తుండగానే... మెల్లగా... పైకి లేచింది.

భార్యాబిడ్డలను నబీ రసూల్ ఇంట్లో వదిలి, సుల్తాన్‌ను తెచ్చేందుకు ఆ వానలోనే పులివెందులకు బయల్దేరాడు. అఖ్తర్ బీ తమ్ముడి మొహం చూసి సంచి అందుకుంది. మూతి తెరిచి పట్టుకుంటే, పిల్లి దానంతటదే దూరింది.

మర్నాడు పొద్దున ఎండ కాసింది. షంషుద్దీన్ గుంత పక్కన సంచి విప్పాడు. సుల్తాన్ అంచు వాసన చూసింది. లోపలికి దూకింది. చప్పుడు లేదు. వంగి చూస్తే, చెక్కలమీద ముడుచుకుని నిద్రపోతోంది.

షంషుద్దీన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. గుంతలో ఇంకేమీ లేదు. పీడ పోయింది.

"పిల్లను పంపు!" అని తడికె మీదనుంచి కేకేశాడు. మెహబూబున్నీసా లాల్‌బీని పంపి, కడవ తీసుకుని నీళ్లకు పోయింది.

లాల్‌బీ గడపలో నిలబడింది. గుంతలోంచి సుల్తాన్ తల పైకొచ్చింది. వీపుమీది వెంట్రుకలన్నీ నిక్కాయి. అది ఆ పిల్లనే చూస్తోంది.

"రా సుల్తాన్..." లాల్‌బీ చేతులు చాచింది.

పిల్లి అలా అరవడం అతను ఎన్నడూ వినలేదు. లాల్‌బీకి దూరంగా గోడవెంబడి పాకి, ఒక్క గెంతున వీధిలో పడింది. దాన్ని పట్టుకోవడానికి షంషుద్దీన్ వెనకే పరుగెత్తాడు. అది వనజమ్మ అరుగెక్కి వణుకుతోంది. అక్కడ బియ్యం చెరుగుతున్న వనజమ్మ చేట చేతిలోనే ఆగిపోయింది. ఆమె పిల్లిని చూడటం లేదు.

టక్కు టక్కు... టక్కు.

టక్కు టక్కు... టక్కు.

"అప్పా..." అంది వనజమ్మ, గొణిగినట్టుగా. "నువ్వీడుంటే... లోపల నేస్తాండేదెవురు?"

వీధి చివర మెహబూబున్నీసా నీళ్లకడవ చంకనెత్తుకుని వస్తోంది. ఇంట్లో ఉన్నది లాల్‌బీ ఒక్కతే. ఆ పిల్ల కాళ్లు చెక్కలకు ఇంకా జానెడు అందవు.