ఒకే బెంచీ, రెండు బొమ్మలు

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు అతని బొమ్మ ఒకటి సైట్ నుంచి తీసేశారు. ఆసుపత్రి కారిడార్లో ఖాళీ బెంచీ బొమ్మ అది. కాపీ కొట్టాడని ఎవరో ఫిర్యాదు చేశారు. ఆ సంగతి తేలేదాకా అతని మిగతా బొమ్మలు కూడా అమ్మకానికి ఉండవని మెయిల్ వచ్చింది.

ఆ మెయిల్ అతను అదే బెంచీ మీద కూర్చుని చదివాడు.

అతని పని స్టాక్ బొమ్మలు వేయడం. ఎవరూ అడక్కుండానే వేసి సైట్లో పెడతాడు. పత్రికకో, ప్రకటనకో కావలసినవాళ్లు కొనుక్కుంటారు. ఎవరు కొన్నారో, ఎక్కడ వాడారో అతనికి తెలియదు. మంగళ, గురు, శనివారాలు అమ్మను డయాలసిస్‌కు తీసుకొస్తాడు. లోపల యంత్రం అమ్మ రక్తాన్ని శుభ్రం చేస్తున్నంతసేపూ బయట బెంచీ మీద టాబ్లెట్ పట్టుకుని పని చేసుకుంటాడు.

మెయిల్ చివర, ఫిర్యాదు చేసినవాళ్లు వేసిన బొమ్మ ఉంది. తెరిచాడు. అదే బెంచీ. గోడ మీద స్ట్రెచర్లు గీసుకుపోయిన అదే చార. బెంచీ పొట్టికాలు కింద పెట్టిన అదే చెక్కముక్క. అతనిది రాస్టర్, కుంచెతో వేసినట్టు మరకలు మరకలుగా ఉంటుంది. ఇది వెక్టర్. కత్తెరతో కోసినట్టు అంచులు, ఒక్కో రంగు ఒక్కో ముక్క.

సైట్ ద్వారానే మెసేజ్ పెట్టాడు. "ఆ బెంచీ మీద కూర్చునే ఇది రాస్తున్నాను. కావాలంటే ఫొటో పంపిస్తా."

జవాబు వెంటనే వచ్చింది. "ఫొటో చూసే కదా వేసింది! ఆ బెంచీ మీద కూర్చునేది నేను. మిమ్మల్ని అక్కడ ఎప్పుడూ చూడలేదు. అబద్ధమైనా కాస్త నమ్మేలా చెప్పండి."

"గురువారం రండి. చూద్దురుగాని."

గురువారం ఆమె వచ్చింది. రెయిన్‌కోటు నుంచి నీళ్లు కారుతున్నాయి. అతన్ని చూడలేదు, బెంచీని చూసింది.

"లేవండి."

లేచాడు. ఆమె వంగి కాలు కింద చూసింది.

"ఈ చెక్కముక్క నేను పెట్టింది. దీని కింద అట్టముక్క ఎవరు పెట్టారు?"

"నేనే. చెక్క ఉన్నా ఊగుతోందని."

ఆమె వంగినదల్లా అలాగే ఉండిపోయింది. అప్పుడే సిస్టర్ వార్డు తలుపు తీసుకుని వచ్చింది.

"ఏంటమ్మా, ఇవాళొచ్చావు? మీ నాన్నగారిది నిన్ననే అయిందిగా! మీది సోమ, బుధ, శుక్రవారాలు."

ఆమె నిటారుగా లేచి నిలబడింది. "సారీ," అంది.

"గట్టిగా చెప్పండి. మా అమ్మకి వినబడాలి. కొడుకు దొంగ అనుకుంటోంది."

తలుపు అవతల నుంచి అమ్మ గొంతు వచ్చింది. "దొంగ అని నేనెప్పుడన్నానురా? చేతకానివాడన్నాను, అంతే."

ఆమె అక్కడే ఫోన్ తీసి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది.

"అయినా మీ బొమ్మ పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా పగిలిపోతుంది," అంది వెళ్తూ వెళ్తూ. "నాది గోడంత చేసినా గీత చెదరదు."

"మీ మిగతా బొమ్మలూ చూశాను. వాటిలో మనుషులకి ముఖాలుండవు. గోడంత చేసినా ముఖం రాదుగా!"

ఆమె మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూసింది. తర్వాత దిగిపోయింది. సాయంత్రానికి అతని బొమ్మలు సైట్లో మళ్లీ కనిపించాయి. అతనికి మాత్రం ఆ రోజు పని సాగలేదు.

మర్నాడు ఆమె ఒక ఫైలు పంపింది. కారిడార్ చివర కిటికీ, గీతలు మాత్రమే. "ముఖం పెట్టడం వచ్చా?" అని అడిగింది. శనివారం అతను కిటికీ దగ్గర ఒక ముసలాయన్ని నిలబెట్టి, అద్దం మీద వాన వేశాడు. అప్పటి నుంచి అదే అలవాటైంది. ఆమె రోజున గీతలు, అతని రోజున రంగులు. వెతికేవాళ్లకి దొరకడానికి బొమ్మతో పాటు ఇవ్వాల్సిన కీవర్డ్స్ దగ్గర తగాదా వచ్చేది. అతను 'ఒంటరితనం' అని పెడితే ఆమె కొట్టేసి 'ఎదురుచూపు' అని పెట్టేది. కొన్నింటిని ఇలాంటివి ఇప్పటికే చాలా ఉన్నాయని సైట్ తిప్పికొట్టింది. మిగతావి అమ్ముడుపోయాయి.

"మన దిగులుకి గిరాకీ ఉందండోయ్," అన్నాడు ఫోన్లో.

"వేయండి మరి. సరుకు ఎటూ అయిపోదు."

వెనక నుంచి వాళ్ల నాన్న అందుకున్నాడు. "ఆ బాబేనా? వార్డులో కిటికీ పక్క మంచం మీద పడుకునేది నేనే, ఆ బొమ్మలో నా ముఖం బాగా రాలేదని చెప్పు."

కలుసుకోవడం మాత్రం కుదరలేదు. డయాలసిస్ లేని రోజు ఆమె నాన్న మంచం దిగలేడు. అతనూ ఇంట్లో అమ్మను ఒంటరిగా వదలలేడు. ఆ గురువారం వాళ్ల పిన్ని వచ్చి నాన్న దగ్గర కూర్చుంటేనే ఆమె రాగలిగింది.

ఒకరోజు అతను సిస్టర్ని అడిగాడు. "మా అమ్మని సోమవారం బ్యాచ్‌కి మార్చొచ్చా?"

"మంచం ఖాళీ ఉంటే మార్చొచ్చు."

"ఎప్పుడు ఖాళీ అవుతుంది?"

సిస్టర్ అతని వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. తాను ఏం అడిగాడో అతనికి అప్పుడు అర్థమైంది. ఆ వార్డు నుంచి జబ్బు నయమై వెళ్లినవాళ్లను అతను చూడలేదు.

సాయంత్రం ఫోన్లో ఆమెకు చెప్పాడు.

"నేనూ నిన్న అడిగాను. నాన్నని మీ బ్యాచ్‌లోకి మార్చమని," అంది.

ఆ మాట మళ్లీ ఇద్దరూ ఎత్తలేదు.

వానలు తగ్గకముందే, ఒక ఆదివారం సాయంత్రం సిస్టర్ ఫోన్ చేసింది.

"సోమవారం బ్యాచ్‌లో మంచం వచ్చింది. అప్పుడడిగారుగా! రేపు తీసుకొస్తారా?"

అతను ముందురోజు పంపిన ఫైలుకు ఆమె దగ్గర నుంచి జవాబు రాలేదు.

"ఏ మంచం, సిస్టర్?"

"కిటికీ పక్కది."

ఆమెకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. అమ్మ గోడ పట్టుకుని వచ్చి నిలబడింది. విషయం చెప్పాడు.

"నన్ను ఆ మంచం మీద పడుకోబెడతావా?"

"లేదమ్మా."

"మరిక్కడ నిలబడ్డావేం? వెళ్లు."

"నువ్వొక్కదానివే..."

"నేనెక్కడికి పోతాను రా? గుమ్మం దాకా వెళ్లడానికే నాకు ఆయాసం. వెళ్లు."

ఆమె ఇంటి అడ్రసు సిస్టర్ చెప్పింది. మూడో అంతస్తు. గుమ్మం బయట చెప్పులు వరసగా ఉన్నాయి. పిన్ని తలుపు తీసింది. ఆమె కంప్యూటర్ బల్ల దగ్గర కూర్చుని ఉంది, తెర ఆపేసి. నాన్న శనివారం తెల్లవారుజామున పోయాడని పిన్ని చెప్పింది.

"మంచం వచ్చిందని సిస్టర్ చెప్పిందా?" అని అడిగింది ఆమె.

"వద్దన్నాను."

"మనం అడిగాం."

"అడిగాం. ఇలా కోరుకోలేదు కదండీ."

"తేడా ఏంటి?"

ఆమె లేచి తలుపు దాకా వచ్చింది.

"మీ గొంతు వింటే నాకదే గుర్తొస్తుంది. ఇక ఫోన్ చేయకండి."

మంగళవారం సూదులు పెట్టించుకున్నాక అమ్మ అతన్ని లోపలికి పిలిచింది. "ఆ పిల్లకి ఫోన్ కలిపి ఇటివ్వు."

"వద్దందమ్మా."

"నిన్ను వద్దంది. నన్ననలేదు."

సూదులు లేని చేత్తో ఫోన్ పట్టుకుంది.

"అమ్మాయ్, నేను, చేతకానివాడి తల్లిని. పెట్టేయకు. ఆ మంచం కోసం ముందు అడిగింది నేను. నువ్వొచ్చి వెళ్లిన రోజే అడిగాను. వీడు బయట ఒక్కడే కూర్చుని నవ్వుకుంటుంటే తలుపు సందులోంచి చూశాను... విను. అడిగితే జరిగేదైతే, ఈ సూది వద్దని నేను రోజూ అడుగుతున్నాను. ఒక్కరోజైనా జరిగిందా?"

అమ్మ ఫోన్ సిస్టర్ చేతికిచ్చింది.

"మీ నాన్నగారూ అడిగారమ్మా," అంది సిస్టర్. "పిల్ల బయట ఒక్కతే ఉంటోంది, నన్ను వాళ్ల రోజున పడేయండి అన్నారు. అందరూ నన్నే అడిగారు. నా దగ్గరున్నవే ఆరు మంచాలు. నేనేం చేయను?"

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆ రోజు గాని, మర్నాడు గాని ఆమె నుంచి ఏమీ రాలేదు.

గురువారం వాన పడుతూనే ఉంది. అతను టాబ్లెట్ తెరిచాడు గాని ఏమీ వేయలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆమె లాప్‌టాప్ సంచీతో వచ్చి ఎదురుగా నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"జరుగు," అంది.

జరిగాడు. ఆమె కూర్చుంది.

"మంచం ఎందుకడిగానో నీకు తెలుసా?" అన్నాడు అతను.

"తెలుసు. నేనూ అందుకే." తల వంచుకుని సంచీ జిప్పు లాగి మళ్లీ పెట్టింది. "నాన్న ముఖం సరిగ్గా రాలేదు. మళ్లీ వేస్తావా?"

"నువ్వు పక్కనుంటే వేస్తా."

"మరి, ఎందుకొచ్చాననుకున్నావు?"

అతను వేయడం మొదలుపెట్టాడు. ముక్కు ఇంకొంచెం పొడుగు అంది. కనుబొమలు అంత దట్టంగా ఉండవంది. ఒకచోట చెప్పలేక ఆగిపోయింది. వేలితో తెర మీద చూపించింది.

"ఇది సైట్లో పెట్టాలా?" అన్నాడు పూర్తయ్యాక.

"వద్దు. ఇది అమ్మకానికి కాదు."

లోపల నుంచి అమ్మ పిలిచింది. "ఒరేయ్, ఆ పిల్లని తడిబట్టలతో అక్కడే కూర్చోబెడతావా? లోపలికి తీసుకురా."

సిస్టర్ ఇంకో కుర్చీ వేసింది. ఆమె వెళ్లి అతని అమ్మ మంచం పక్కన కూర్చుంది. యంత్రం ఆగాక ఒకవైపు అతను, ఇంకోవైపు ఆమె పట్టుకుని అమ్మను మెట్లు దింపారు. ముగ్గురూ ఒకే కారులో ఇంటికి వెళ్లారు.