గ్లాసు అడుగున పేరు

2083లో కూడా అనంతపురంలో ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు ఇచ్చేవారు. ఆ మర్యాద ఎక్కడికీ పోలేదు. కాకపోతే వచ్చినవారు గ్లాసు అందుకుని, ఒక్క క్షణం పైకెత్తి దాని అడుగు చూసి, ఆ తర్వాతే తాగేవారు. అలా చూడడం అమర్యాద అని ఎవరికీ తోచలేదు. ఇచ్చేవారు కూడా ముందే చూసుకుని మరీ ఇచ్చేవారాయె!

గ్లాసు అడుగున రూపాయి బిళ్ళంత తెర ఉంటుంది. లోపలి నీళ్ళు అంతకుముందు ఏ పేట మురుగుకాలువలో పారాయో, ఆ పేట పేరు దానిమీద పచ్చటి అక్షరాలతో వెలుగుతుంది.

వానలు మొహం చాటేసి చాలా ఏళ్ళయింది. నదుల్లో ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు. ఉన్న నీళ్ళనే వాడి, వదిలి, శుద్ధి చేసి, మళ్ళీ తాగాలి. అందుకే ప్రభుత్వం జాతీయ జలవిపణిని తెరిచింది. ఒకప్పుడు ముక్కు మూసుకుని దాటిన మురుగు కోసం కంపెనీలు వేలంపాటలో గొంతు చించుకున్నాయి. విపణికి ఒకే ఒక్క చట్టం ఉండేది. ఒక పేట మురుగు ఎంత అమ్ముడైతే ఆ పేటకు అంత మంచినీరు వస్తుంది. అమ్ముడుపోకపోతే రాదు.

ఆ పేట పేరును కనిపెట్టే విద్య డాక్టర్ సువార్తది. తాను తయారుచేసిన దానికి ఆమె జాడరేణువు అని పేరు పెట్టింది. ఇసుకరేణువులో వెయ్యోవంతు కూడా లేని గాజు గుళిక అది. దాని పొట్టలో కృత్రిమంగా అల్లిన డీఎన్ఏ పోగు ఉంటుంది. ఆ పోగు అల్లిక ఒక్కో పేటకు ఒక్కో రకం. పేట మురుగు పెద్దగొట్టంలో కలిసేచోట అమర్చిన పెట్టె, నీళ్ళలోని పాత రేణువులను పట్టేసుకుని, ఆ పేట రేణువులను వదులుతుంది. శుద్ధి కేంద్రంలో క్రిములన్నీ చచ్చినా గాజు గుళిక చెక్కుచెదరదు. వడపోత పొరల్లోంచి జారిపోతుంది. తాగినవారి కడుపులోంచి కూడా ఏ హానీ చేయకుండా బయటికి పోతుంది. ఏ అల్లిక ఏ పేటదో గ్లాసులకు చెప్పే జాడపట్టిక సువార్త ప్రయోగశాలలోని యంత్రంలో ఉంటుంది.

ఇదంతా ఆమె గ్లాసుల కోసం చేయలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఏదో ఫ్యాక్టరీ విషాన్ని దొంగచాటుగా కాలువలో వదిలింది. గుంతకింద కాలనీలో నలభై మూడు మంది చనిపోయారు. వారిలో సువార్త తల్లి కూడా ఉంది. విషం వదిలింది ఎవరో చివరికి తేలనే లేదు. ఇంకోసారి అలా తప్పించుకోకూడదని సువార్త పంతం పట్టింది. జాడరేణువు వచ్చిన మొదటి ఏడాదే పదకొండు ఫ్యాక్టరీలు పట్టుబడ్డాయి. పదకొండోది పట్టుబడిన రోజు ఆమె తల్లి ఫొటో ముందు కూర్చుని ఏడ్చింది.

మర్నాడు, మురుగు కొని శుద్ధి చేసి అమ్మే నవధార కంపెనీ అధిపతి చక్రపాణి ఫోన్ చేశాడు. ఆ పేరేదో జనానికి కూడా కనిపిస్తే బాగుంటుంది కదా, అన్నాడు. జనానికి తెలిసే హక్కు ఉండాలన్న మాట సువార్తకు కూడా సబబుగానే తోచింది.

ఇప్పుడు అదే చక్రపాణి ఎదుట ఆమె ఒక నోటీసు పట్టుకుని కూర్చుంది. గుంతకింద కాలనీ మురుగుకు మూడు నెలలుగా పాట రాలేదు. వచ్చే ఒకటో తేదీ నుంచి కాలనీకి నీళ్ళు బంద్. అక్కడ ఆమె చెల్లెలు దీవెనా, తొమ్మిది వందల కుటుంబాలూ ఉన్నాయి.

"పరీక్షలు చూశారా చక్రపాణిగారూ? గుంతకింద నీళ్ళకూ, మీ పూర్ణకుంభ ఎన్‌క్లేవ్ నీళ్ళకూ వెంట్రుకవాసి తేడా లేదు."

"తేడా లేదని నాకు మాత్రం తెలీదా మేడమ్? జనం పేరు చూసి పక్కన పెడుతున్నారు. వద్దన్నవాళ్ళ నోట్లో పోయలేం కదా."

"ఆ పేరు చూపించే గ్లాసు మీదే కదా!"

"పేరు కనిపెట్టింది మీరు." ఆయన నవ్వుతూ బల్ల మీది గ్లాసు ఎత్తి తాగాడు. అడుగున 'పూర్ణకుంభ' అని వెలిగింది. "ఎన్ని వందల ఏళ్ళ అలవాటు మేడమ్ ఇది! మనం కొత్తగా నేర్పిందేం లేదు. కాస్త సులువు చేశాం, అంతే."

సువార్తకు ఒళ్ళు మండిపోయింది. ఆమె ముత్తవ్వలు బావి దగ్గర దూరంగా నిలబడి దోసిలి పట్టేవారట. పైనుంచి ఎవరో పోస్తే తాగేవారట. ఆ కథ విన్న చిన్నతనంలో ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడా దోసిలి తన చేతులతో తయారైంది.

ప్రయోగశాలకు వెళ్ళి జాడపట్టిక తెరిచింది.

"గుంతకింద కాలనీ పేరు మార్చాలి," అంది.

"ఏ పేరు రాయమంటారు?" అని అడిగింది యంత్రం.

"పూర్ణకుంభ."

"ఆ పేరు ఇప్పటికే వేరే పేటకు ఉంది. పొరపాటా?"

"కాదు. కావాలనే."

"కారణం చెప్పండి. నమోదు చేయాలి."

"దాహం," అంది. యంత్రం అలాగే రాసుకుంది.

మర్నాటి పాటలోనే గుంతకింద గొట్టం నీళ్ళు హాట్‌కేకుల్లా పోయాయి. కాలనీకి మంచినీరు ఆగలేదు. నలభై రోజులపాటు ఊళ్ళోని పెద్దలందరూ ఆ నీళ్ళే తాగారు. పెళ్ళిళ్ళలో వియ్యంకులకు ఇచ్చారు, దేవుడికి అభిషేకం చేశారు. చక్రపాణి ఒక విందులో గ్లాసు ఎత్తి, "ఎంత తియ్యగా ఉన్నాయో చూశారా! మా ఎన్‌క్లేవ్ నీళ్ళ రుచే వేరు," అన్నాడు. ఎదురుగా కూర్చున్న సువార్త నవ్వు ఆపుకోలేక దగ్గు నటించింది.

ఒక్కసారి నిజం తెలిస్తే వీళ్ళందరూ సిగ్గుపడతారని ఆమె నమ్మింది. అంత చదువుకున్న మనిషి, పాపం, అక్కడే పొరబడింది.

నలభై ఒకటో రోజు జలవిపణి వార్షిక సభ జరిగింది. సువార్త వేదిక ఎక్కి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "నలభై రోజులుగా మీరు తాగుతున్నవి గుంతకింద నీళ్ళు. మీలో ఎవరికైనా కడుపునొప్పి వచ్చిందా? రుచి తేడా అనిపించిందా? లేదు కదా! ఇకనైనా ఆ పేరు చూడడం మానేద్దాం."

ముందు వరుసలో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె పక్కాయన వంగి వాంతి చేసుకున్నాడు. తర్వాత వెనక వరుసలో ఇంకొకరు. ఆ సాయంత్రానికి ఊళ్ళోని ఆస్పత్రుల్లో మంచాలు చాలలేదు. జ్వరాలు, వాంతులు, ఒళ్ళంతా దద్దుర్లు. పరీక్షల్లో ఏ జబ్బూ దొరకలేదు. మర్నాడు తెల్లవారేసరికి ఒక ముసలాయన నిజంగానే చనిపోయాడు.

చక్రపాణి ఆమెను పిలిపించాడు. పోలీసులు ఉంటారనుకుంది. ఆయన ఒక్కడే ఉన్నాడు. కళ్ళు లోతుకుపోయి ఉన్నాయి, కానీ హుషారుగా ఉన్నాడు.

"రాత్రంతా వాంతులే మేడమ్," అన్నాడు. "అన్నీ తెలిసిన నాకే! మీమీద కేసు పెట్టాలని బోర్డులో అందరూ అన్నారు. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

"ఒక పేరు చెవిన పడితే చాలు, రాయిలాంటి మనిషి కూడా మంచం పడతాడని రుజువు చేశారు కదా! పొద్దుటి నుంచి ఫోన్లు ఆగడం లేదు. పేట పేరు సరిపోదట, వీధి పేరు కూడా కావాలట. ఇకమీద పట్టికకు మనిషి చెయ్యి తగలదు, మీది కూడా. ఇలాంటి అవకాశం నా జీవితంలో మళ్ళీ రాదు."

"గుంతకింద సంగతేంటి?"

"మీకు ఆ బెంగ అక్కర్లేదు. వాళ్ళ నీళ్ళు వాళ్ళే కొనుక్కునేలా అక్కడే ఒక చిన్న విపణి పెట్టిస్తున్నాను. వీధి పేరు చూపే కొత్త గ్లాసులు ఉచితంగా పంచుతాం."

ఉద్యోగం పోయిన సువార్త నెల్లాళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం గుంతకిందకు బయలుదేరింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. కాలనీ మొదట్లో రైలు వంతెన కింద ఇరవై గుడిసెలు ఉంటాయి. అక్కడి కుళాయి ముందు ఖాళీ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక ముసలామె లేచి వచ్చి, "నీళ్ళేమన్నా ఉండాయా తల్లీ?" అంది. సువార్త దగ్గర లేవు. కాలనీ అంతటికీ నీళ్ళు ఆగిపోయాయేమోనని భయపడి, గబగబా చెల్లెలి ఇంటికి నడిచింది.

వాకిట్లో కుళాయి ధారగా పారుతోంది. సువార్తకు ప్రాణం లేచి వచ్చింది.

"అక్కా! ఎప్పుడొస్తివి? మొగమంతా వాడిపోయిందే. రా, కూర్చో," అంటూ దీవెన లోపలికి పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "నువ్వేం బాధపడొద్దు. నీళ్ళు రోజూ వస్తాండాయి. మన నీళ్ళు మనమే తాగుతాండాం."

"మరి వంతెన కింద కుళాయి రాదేం?"

దీవెన గొంతు తగ్గించింది. "వాళ్ళ నీళ్ళు ఎవురు తాగుతారక్కా? చర్చి వీధోళ్ళం, స్కూలు వీధోళ్ళం అందరం వద్దనేస్తిమి. పాట రాలేదని వాళ్ళకి ఆపేసినారు. మేమేం జేస్తాం? తాగు, తాగు. ఇవి వాళ్ళవి కాదులే."

సువార్తకు చెల్లెలి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. వాళ్ళూ మనుషులే కదే, అనబోయింది. గ్లాసు అప్పటికే ఆమె కళ్ళకు ఎదురుగా, పైకెత్తి ఉంది. ఇవి వాళ్ళవి కావని దీవెన చెప్పకముందే సువార్త చెయ్యి దాన్ని ఎత్తింది. అడుగున 'చర్చి వీధి' అని పచ్చగా వెలుగుతోంది. అది చదివి, హమ్మయ్య అని తన గుండె తేలికపడిన సంగతి కూడా ఆమెకు అప్పుడే తెలిసింది.

సువార్త నీళ్ళు తాగింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి.