మడత చెవుల ఖాన్

"వదినా! ఆగు!"

ఆమె ఆగదు.

ఆల్మటీ వీధిలో మంచు గడ్డకట్టింది. చీకటి పడింది. ముందు అన్నయ్య భార్య మర్జాన్... చేతిలో పిల్లి బుట్ట. వెనక యెర్దెన్!

బుట్ట ఊగుతోంది. అతని గుండె దానితోపాటే ఊగుతోంది.

అందులో ఉన్నది ఖాన్. మడతపడి తలకు అతుక్కున్న చెవులు, గుడ్లగూబ ముఖం. ఏ ప్రదర్శనకెళ్లినా పతకం తెచ్చే మగపిల్లి. అన్నదమ్ముల ఇల్లు నడిచేది వాడి కూనలు అమ్మిన డబ్బు మీదే. ఎదకొచ్చిన ఆడపిల్లితో ఒకావిడ వీళ్లింట్లో కాచుక్కూర్చుంది. దాని చెవులూ మడతే! ఆమె రైలెక్కేలోగా రెండింటినీ జత కట్టించాలి.

"మడతకు మడత కలపొద్దు మరిదీ!" పొద్దున వదిన పోట్లాడింది. "పుట్టేవాటి కీళ్లు రాళ్లవుతాయి. ఖాన్ కుంటుతున్నాడు, నీకు కనబడట్లేదా?"

"చెవులు నిక్కబొడుచుకున్న పిల్లిని ఎవడు కొంటాడు వదినా?"

ఆ కుంటు అతనికీ కనబడుతోంది. అందుకే నిద్ర లేదు. కిందటి చలికాలం పుట్టిన కూన ఒకటి... కర్రలా బిగుసుకున్న తోక. అడుగు వేయలేక అతని అరచేతిలోనే కూర్చుని అరిచేది.

వద్దు! ఆలోచించకు. పరుగెత్తు!

మర్జాన్ జారుతుంది. బుట్ట నేలకు కొట్టుకుంటుంది. యెర్దెన్ చెయ్యి చాస్తాడు... అందదు! ఆమె లేచి ఇటుకల భవనంలోకి దూరుతుంది. మెట్లు. మలుపు. మళ్లీ మెట్లు. ఒక తలుపు తెరుచుకుంటుంది.

పెద్దత్త!

కర్లగాష్. నాన్నకు అక్క. ఆమె మాట జవదాటినవాడు ఆ వంశంలో లేడు.

"ఏరా, ఈ ముసల్దాని మీద పరుగెత్తుకొచ్చేంత ప్రేమ ఎప్పుడు పుట్టింది?"

"ఆ బుట్ట ఇప్పించు పెద్దత్తా. వెళ్లిపోతా."

"రొట్టె ముట్టకుండా నా గడప దాటుతావా? మీ నాన్న నేర్పింది ఇదేనా? కూర్చో!"

కూర్చుంటాడు. శాలువా కప్పిన బుట్ట మర్జాన్ ఒడిలో ఉంది. చూపు దాని మీదే. రొట్టె తుంచి నోట్లో వేసుకుని, లేవబోతాడు.

టీ వస్తుంది. గిన్నె అడుగున నాలుగు గుక్కలు. అదే మర్యాద. ఉండమనే అతిథికి కొంచెమే పోస్తారు, మళ్లీ మళ్లీ పోస్తారు. నిండా పోస్తే... ఇక దయచేయమని!

తాగేస్తాడు. ఆమె మళ్లీ పోస్తుంది.

"పెద్దత్తా, అవతల రైలు..."

"ఎక్కేది నువ్వా? తాగు."

ఫోన్ మోగుతుంది. ఇంటినుంచి, ఆవిడే!

"టీ దగ్గర ఫోనేంట్రా? పక్కన పెట్టు." మళ్లీ పోస్తూ అడుగుతుంది. "చిన్నప్పుడు గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నావే... ఎన్నాళ్లు ఏడ్చావు?"

"చలికాలమంతా."

"ఖాన్ గాడు పుట్టిన దగ్గర్నుంచీ ఓర్చుకుంటున్నాడు. వాడికి ఏడవడం రాదు, అంతే."

యెర్దెన్ బుట్టకేసి చూస్తాడు. చప్పుడు లేదు... నేలకు కొట్టుకున్నప్పుడు కూడా ఖాన్ అరవలేదు!

ఒక్క ఉదుటున లేచి శాలువా లాగేస్తాడు.

దిండు!

లోపల ఉన్ని దిండు!

"ఖాన్ ఎక్కడ? అన్నయ్య ఎక్కడ?"

మర్జాన్ ఫోన్ చూసుకుంటుంది. పెద్దత్తకు తల ఊపుతుంది.

"మీ అన్నయ్య పశువుల డాక్టరు దగ్గరున్నాడు మరిదీ. ఆపరేషన్ అయిపోయింది. ఖాన్‌కి ఇక పిల్లలు పుట్టరు."

టీ ధార చప్పుడు ఒక్కటే.

పెద్దత్త పోస్తోంది. సగం... ముప్పావు... అంచు!

వెళ్లమని.

యెర్దెన్ తలుపుదాకా నడుస్తాడు. గొళ్లెం మీద చెయ్యి వేస్తాడు. ఫోన్ మళ్లీ మోగుతుంది.

"వదినా..." వెనక్కి తిరగడు. "కీళ్ల నొప్పికి మందు ఇచ్చారా వాడికి?"

పెద్దత్త చెయ్యి ఆగిపోతుంది. ఆ గిన్నె తీసి, ఒంపేస్తుంది. మళ్లీ పోస్తుంది.

నాలుగే గుక్కలు.

ఫోన్ మోగుతూనే ఉంది...