శ్రుతి దించిన పాట

ఆ గురువారం పొద్దున ఇఫ్రాకీ వాళ్ళమ్మ ఖుర్షీదాకీ మిక్సీ దగ్గర మాటామాటా పెరిగింది. హాల్లో స్పీకరు మీద పాట సరిగ్గా గిటారు ఒక్కటే మోగే చోటికి వచ్చింది. అక్కడ ఇంట్లో ఎవరూ దగ్గకూడదని ఇఫ్రా పెట్టిన రూలు. ఖుర్షీదా అప్పుడే అల్లం వెల్లుల్లి వేసి మిక్సీ తిప్పింది.

"అమ్మీ, ఒక్క నిమిషం ఆగలేవా?"

"నేనాగితే నీ కాలేజీ బస్సు ఆగుతుందా? అయినా రెండిటికీ తేడా ఏముందే. నాది కనీసం కూరలోకి పనికొస్తుంది."

పేపరు చాటున అబ్దుల్ రవూఫ్ నవ్వు దాచుకున్నాడు. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల దుకాణం నడిపే మనిషి. శబ్దాల విషయంలో ఎవరి పక్షమూ వహించడు.

ఇఫ్రా స్పీకరు కట్టేసింది. గెలిచాక ఖుర్షీదా ఊరుకున్నా బాగుండేది. మిక్సీ గిన్నె కడుగుతూ, బందరు సంబంధం వాళ్ళు రేపు శుక్రవారానికల్లా ఏ సంగతో చెప్పమన్నారని గుర్తుచేసింది. అబ్బాయికి బ్యాంకు ఉద్యోగం, నెమ్మదస్తుడు, ఇంకా ఎన్నాళ్ళు నానుస్తావని అడిగింది. ఇఫ్రా జవాబు చెప్పకుండా బ్యాగు భుజాన వేసుకుంది. బెంగుళూరులో కాన్సర్టు చూసి వచ్చినప్పటినుంచీ ఆమెకి అన్నం సయించడం లేదు. అరిచి అరిచి గొంతు పాడుచేసుకుందని అమ్మ అనుకుంటోంది. అలాగే అనుకోనిచ్చింది.

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఇఫ్రాకి పాత హార్డ్ రాక్ బ్యాండ్లంటే పిచ్చి. అందులోనూ ఐరన్ లాంతర్ అనే బ్యాండంటే ప్రాణం. ఆమె పుట్టేనాటికే వాళ్ళ జుట్టు నెరిసింది. అభిమానం ఎంతో, అభిప్రాయాలూ అంతే. మొదటి డ్రమ్మరు వెళ్ళిపోయాక బ్యాండు పేరు మార్చుకోవాలి. కాన్సర్టు పొడుగునా ఫోను ఎత్తి పట్టుకునేవాళ్ళని బయటికి పంపాలి. జనం పాత పాటలకోసం వస్తే కొత్త ఆల్బమ్ అంటగట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, శ్రుతి దించకూడదు.

వయసు మీదపడి గాయకుడికి పైస్థాయి అందనప్పుడు గిటారు తీగలు కాస్త వదులుచేసి, పాటనంతా ఒక మెట్టు కిందికి దించి వాయిస్తారు. వినేవాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఇఫ్రాకి మొదటి తీగ మోగగానే తెలిసిపోతుంది.

జాహిద్ పరిచయమైంది కూడా ఈ పట్టింపు వల్లే. కానూరులో ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టు. సన్నగా వాన. స్టేజి మీద కట్టిన టార్పాలిన్ బానపొట్టలా కిందికి జారుతుంటే, ఆటోనగర్ కుర్రాళ్ళ బ్యాండు ఐరన్ లాంతర్ పాట అందుకుంది. పాడుతున్నవాడు చివర్లో ఒక కేక తీశాడు. గొడుగుల కింద ఉన్నవాళ్ళు గొడుగులు ముడిచి మరీ చూశారు. పాట అయ్యాక ఇఫ్రా స్టేజి వెనక్కి వెళ్ళింది.

"చివరి కేక బాగా తీశారు. రెండో చరణంలో మాత్రం మాటలు మింగేశారు."

అతను తల తుడుచుకుంటున్న తువాలు పక్కకి తీసి చూశాడు. "వానలో నిలబడి నా తప్పులు ఏరారా?"

"ఏరలేదు. వినబడ్డాయి."

"అయితే మా షాపుకి రండి మేడం. పొద్దస్తమానం సమ్మెట దెబ్బలే. ఎవడు తాళం తప్పుతున్నాడో చెబుదురుగాని."

ఆ షాపు లారీల బరువు మోసే స్ప్రింగు పట్టీలు, కమాన్ కట్టలు చేసేది. రవూఫ్ దుకాణానికి రెండు వీధుల అవతలే. నాన్నకి క్యారేజీ ఇచ్చే వంకన ఇఫ్రా ఆ దారిన వెళ్ళడం మొదలైంది. వాట్సాప్‌లో ఊళ్ళోని రాక్ అభిమానుల గ్రూపు ఒకటి ఉంటే అందులో ఇద్దరూ చేరి రోజూ కొట్లాడుకునేవారు. మొదటి డ్రమ్మరు గొప్పా, రెండో డ్రమ్మరు గొప్పా అన్నదాని మీద ఒకసారి వారంపాటు మాటలు లేవు. ఎనిమిదో రోజు జాహిద్ మొదటివాడే గొప్పని ఒప్పుకున్నాడు. అబద్ధమని ఇఫ్రాకి తెలుసు. ఆ అబద్ధాన్ని ఆమె చాలాకాలం తలుచుకుని తలుచుకుని మురిసిపోయింది.

తర్వాత జాహిద్ వాళ్ళమ్మ పెళ్ళి పైగాం తీసుకుని ఇఫ్రా ఇంటికి వచ్చింది. వాళ్ళలో మగపిల్లవాడి వైపువాళ్ళే వచ్చి పిల్లని అడగాలి. ఖుర్షీదా మురిపెంగా వారం గడువు అడిగింది. వెంటనే సరేనంటే పిల్ల చులకనైపోదూ మరి. ఆ వారంలోనే స్టీలు కొనడానికి హైదరాబాదు వెళ్తున్నానని జాహిద్ మెసేజ్ పెట్టాడు. ఆ వారంలోనే ఐరన్ లాంతర్ కొత్త కాన్సర్టు వీడియో వచ్చింది. ఇఫ్రా ప్రాణంగా చూసుకునే పాటని ఆ ముసలాయన శ్రుతి దించి పాడాడు. ఒళ్ళు మండిపోయి ఆమె గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. గొంతు పోయినవాడు పాడటం మానెయ్యాలనీ, పోయిందని ఒప్పుకునే ధైర్యం లేనివాళ్ళ మీద తనకి గౌరవం లేదనీ.

మర్నాడు జాహిద్ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండానే వాళ్ళమ్మ ఎవరిచేతో కబురు పంపింది, ఏమీ అనుకోవద్దు, మా వాడికి ఇప్పట్లో పెళ్ళి ఉద్దేశం లేదని.

ఎందుకని ఇఫ్రా అడగలేదు. అడిగితే తన స్థాయి తగ్గుతుందనుకుంది. రెండేళ్ళు గడిచాయి. క్యారేజీ నాన్నే తీసుకెళ్తున్నాడు.

ఐరన్ లాంతర్ వీడ్కోలు కాన్సర్టు బెంగుళూరులో అన్నప్పుడు, వెళ్ళి తిట్టుకోవడానికైనా వెళ్ళాలని పిన్ని కూతురు తబస్సుంని వెంటబెట్టుకుని రైలెక్కింది. అనుకున్నట్టే శ్రుతి దించారు. ముసలాయన నెమ్మదిగా నడిచొచ్చి, అందినంత మేరా శుభ్రంగా, ఒక్క మాట మింగకుండా పాడాడు. పాట చివరి కేక వచ్చే చోట ఆగి, నవ్వి, మైకు జనం వైపు తిప్పాడు. మైదానమంతా కేక తీసింది. ఏమీ దాచుకోకుండా ఎదురుగా నిలబడ్డ ఆ మనిషిని చూస్తూ ఇఫ్రా కూడా అరిచింది. కళ్ళు తుడుచుకుంటుంటే తబస్సుం భయపడి నీళ్ళ సీసా ఇచ్చింది.

బయటికొచ్చే తోపులాటలో ఎవరో పేరు పెట్టి పిలిచారు. జాహిద్ బ్యాండులో డ్రమ్స్ వాయించే డేనియల్. జాహిద్ రాలేదా అని ఇఫ్రా ఉండబట్టలేక అడిగింది.

"వాడు పాడటమే కాదండి, వినడం కూడా మానేశాడు. ఆపరేషన్ అయ్యాక పైస్థాయి రాలేదు కదా."

"ఏ ఆపరేషన్?"

డేనియల్ ఆమె మొహంలోకి చూశాడు. "మీకు తెలియదా? గొంతులో చిన్న పొక్కులాంటిది వస్తే గుంటూరులో తీశారు. పెళ్ళి మాటలు నడుస్తున్నాయని మీకు స్టీలు కొనడానికి హైదరాబాదని చెప్పాడు. మీ వాయిస్ మెసేజ్ మంచం మీదే విన్నాడండి. మాట్లాడొద్దన్నారు కదా, వినడం తప్ప వాడికి పనేముంది."

తిరుగు రైల్లో ఇఫ్రా ఫోనులో జాహిద్ పాత మెసేజులు మళ్ళీ మొదటినుంచి చదివింది. ఇన్నేళ్ళూ తన చెవిని చూసుకుని ఎంత గర్వపడింది. పైగాం వచ్చిన రోజుల్లో ఒకడు కబుర్లు తగ్గించి పొట్టి మెసేజ్‌లు పెడుతుంటే, ఫోను చేస్తే తీయకుండా తర్వాత అంటుంటే, అది మాత్రం ఆ చెవికి వినబడలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం కాలేజీ నుంచి ఆమె ఇంటికి వెళ్ళలేదు. ఆటోనగర్‌లో దిగేసరికి సన్నగా చినుకులు. జాహిద్ కొలిమి దగ్గర నిలబడి ఎర్రగా కాలిన కమాను పట్టెని పట్టకారుతో తిప్పుతున్నాడు. ఆమెని చూసి పట్టె కింద పెట్టాడు. చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికి, అది తన భుజం మీదే ఉందని కాసేపటికి గ్రహించాడు.

"రండి మేడం." గొంతు కిందికి దిగి, అంచుల్లో కాస్త గరుకుగా ఉంది.

"డేనియల్ చెప్పాడు," అంది ఇఫ్రా. "నీ గొంతు సంగతి తెలిసి అనలేదు. తెలిసి ఉంటే..."

"తెలిసి ఉంటే అనేదానివి కాదు. మనసులో అనుకునేదానివి. అదింకా కష్టం కదా."

ఆమె తల దించుకుంది. అప్పట్లో నిజంగా అలాగే అనుకునేది.

"ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి," అన్నాడు అతను. "నువ్వు ఫోను చేస్తావని చాలా రోజులు చూశాను."

"నువ్వే చేస్తావని నేను చూశాను."

షెడ్డు రేకుల మీద చినుకులు గట్టిపడ్డాయి. కాన్సర్టు ఎలా ఉందని అతనే అడిగాడు. ఇఫ్రా చెప్పింది. శ్రుతి ఒక మెట్టు దించారనీ, బాగుందనీ, తను పొరబడ్డాననీ.

"జాలిపడి అంటున్నావా?"

"జాలిపడి నేనెవరికైనా మార్కులు వేశానా?"

అతను నవ్వాడు. రెండేళ్ళుగా ఆమె దాచుకున్న నవ్వు అదే, కాకపోతే కొంచెం కింద మోగింది.

రేపటికల్లా బందరు వాళ్ళకి మాట చెప్పాలని ఇఫ్రా చెప్పింది. జాహిద్ చల్లారిన పట్టెని పట్టకారుతో ఎత్తి మళ్ళీ కొలిమిలో పెట్టాడు.

"నా మాట నీకు తెలుసు. కానీ ఒకసారి అడిగి మేమే వెనక్కి తీసుకున్నాం ఇఫ్రా. మళ్ళీ మీ గుమ్మం ఎక్కడానికి అమ్మకి మొహం చెల్లడం లేదు. వెళ్ళమని నేను చెప్పలేను."

శుక్రవారం ఇఫ్రా సెలవు పెట్టింది. రవూఫ్ జుమ్మా నమాజు చేసుకుని వచ్చేసరికి కింద పరిచిన దస్తర్‌ఖాన్ మీద అన్నం, దాల్చా, కొరమేను వేపుడు పెట్టి ఉన్నాయి. ఆయన మొదటి ముద్ద తిన్నాక ఇఫ్రా మొదలుపెట్టింది. వాయిస్ మెసేజ్ దగ్గరనుంచి కొలిమి దాకా ఏదీ మిగల్చకుండా చెప్పింది. బందరు వాళ్ళకి వద్దని చెప్పమంది. జాహిద్ ఇంటికి మనమే వెళ్ళి అడగాలంది.

ఖుర్షీదా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆడపిల్లవాళ్ళం మనం వెళ్ళి అడగడమా? వాళ్ళు వద్దన్నాక? రేపు నలుగురూ ఏమంటారు?"

రవూఫ్ తలెత్తలేదు. చేప ముల్లు ఒకటి తీసి పళ్ళెం అంచున పెట్టాడు.

"ఆ కుర్రాడు రెండేళ్ళుగా మన దుకాణం ముందునుంచే వెళ్తున్నాడు," అన్నాడు నెమ్మదిగా. "సలాం పెడతాడు, నోరు తెరవడు. పొగరనుకున్నాను. వాళ్ళు వద్దని కబురు పంపిన రోజే వెళ్ళి ఏమైంది బాబూ అని అడగాల్సింది. ఆడపిల్ల తండ్రినని ఆగిపోయాను."

ఆయన ఇఫ్రా పళ్ళెంలో చేప ముక్క ఒకటి వేశాడు.

"బందరు వాళ్ళకి ఇప్పుడే ఫోను చేస్తాను. ఆదివారం జాహిద్ వాళ్ళింటికి వెళ్తున్నాం. ఖుర్షీదా, నువ్వూ వస్తున్నావు."

"వాళ్ళు కాదంటే?" అంది ఖుర్షీదా, సగం ఒప్పుకున్న గొంతుతో.

"కాదంటే విని వస్తాం. ఈసారి ఎందుకని అడిగి వస్తాం," అని ఆయన అన్నం కలుపుకున్నాడు.